వార్షిక నివేదిక: బ్యాండులో ఎవరి మాట ఎంతవరకు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని దాదాపు మొత్తం ఒక్క ముసాయిదా మీదే సాగింది. ఏళ్ల తరబడి కలిసి వాయించే రాక్ బ్యాండులకు పనికొచ్చే నమూనా ఒప్పందం అది. మిగతా పనులు ఎప్పటిలాగే నడిచాయి; లెక్కలు కోశాధికారి పత్రంలో ఉన్నాయి. ముసాయిదాలో ఏం రాశాం, ఎందుకు రాశాం అన్నది ఇక్కడ చెబుతున్నాం.

"మనమంతా సమానం" అని మొదలుపెట్టే బ్యాండులే ఎక్కువ. ఆ మాటలో మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి: డబ్బులో వాటా, నిర్ణయంలో ఓటు, పనిలో పాలు. మూడూ ఒకటే అనుకుంటే ఏమవుతుందో అమెరికా బ్యాండు క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ చివరి ఆల్బమ్ చూపిస్తుంది. అంతవరకూ పాటలు కట్టడం, పాడడం, నిర్ణయించడం అన్నీ జాన్ ఫోగర్టీ చేతిలోనే ఉండేవి. మిగతావాళ్లు మాట కావాలన్నారు. 1972లో అప్పటికి బ్యాండులో ఉన్న ముగ్గురూ పాటలు రాసి, ఎవరి పాటలు వాళ్లే పాడారు. అదే ఏడు బ్యాండు విడిపోయింది. వాళ్లకు కావలసింది నిర్ణయంలో ఓటు. చేతికొచ్చింది పాటలు రాసే బరువు.

డబ్బు సంగతి ముందు తేల్చాం. బ్యాండుకు ఆదాయం రెండు కాలువల్లో వస్తుంది. పాట కట్టినందుకు వచ్చే రాయల్టీ ఒకటి. అది పాట కింద పేరున్నవాళ్లకే. కచేరీలు, రికార్డింగులు, టీషర్టుల మీద వచ్చేది రెండోది. ది స్మిత్స్ బ్యాండులో ఈ రెండో కాలువలోనే గాయకుడు మోరిసీ, గిటారిస్టు జానీ మార్ చెరి 40 శాతం తీసుకుని, బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లకు చెరి 10 శాతం ఇచ్చారు. డ్రమ్మర్ మైక్ జాయిస్ దావా వేశాడు. వేరే ఒప్పందం రుజువు కానప్పుడు భాగస్వాములందరికీ సమాన వాటా అన్న 1890 నాటి చట్టం ప్రకారం, 1996లో ఇంగ్లండు హైకోర్టు అతని వాటా 25 శాతమని తేల్చింది. 1999లో స్పాండౌ బ్యాలే బ్యాండు సభ్యులు ముగ్గురు మొదటి కాలువలో వాటా అడిగి ఓడిపోయారు. పాటలు అదే బ్యాండులోని గ్యారీ కెంప్ పేరుమీద ఉన్నాయి, నోటిమాట ఒప్పందం నిలబడలేదు. కాగితం లేకపోవడం ఒకచోట గెలిపించింది, ఇంకోచోట ముంచింది.

పాట కింద పేరు రికార్డు మీద పాటల ఎంపికను కూడా లాగుతుంది. 1975లో క్వీన్ బ్యాండు సింగిల్‌కు (ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) ముందువైపు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాట, వెనకవైపు రోజర్ టేలర్ పాట. రికార్డు ఒకటే కనుక పాట రాయల్టీ ఇద్దరికీ సమానం. ఇక ఏ పాట వెనకవైపు వెయ్యాలన్నదే తగాదా. 1989 ఆల్బమ్ నాటికి ఎవరు రాసినా నలుగురి పేరూ వెయ్యడం మొదలుపెట్టారు. ముసాయిదాలో మేం మధ్యేమార్గం పెట్టాం: సగం రాసినవాళ్లకు, సగం అందరికీ సమానంగా. నలుగురిలో ఒక్కరే రాస్తే ఆ ఒక్కరికి 62.5 శాతం, మిగతావాళ్లకు 12.5 చొప్పున. వాటాల కాగితం పాట పూర్తయిన రోజే, రికార్డింగుకు ముందే రాసి అందరూ సంతకం చెయ్యాలి. కూడితే 100 రావాలి. ముగ్గురికి 33 చొప్పున రాసి 99 దగ్గర వదిలేస్తే ఆ ఒక్క శాతమే తర్వాత గొడవ. రెండో కాలువలో ఖర్చులు పోగా మిగిలింది సభ్యుల సంఖ్య కంటే ఒక భాగం ఎక్కువగా పంచాలి. ఆ అదనపు భాగం బ్యాండు నిధికి.

ఇక ఓట్లు. నిర్ణయాలను మూడు గంపల్లో వేశాం. కొత్త సభ్యుడు, తొలగింపు, మేనేజరు, అప్పు, పాటను ప్రకటనకు ఇవ్వడం, బ్యాండు పేరు: వీటికి అందరూ ఒప్పుకోవాలి. టూరు తేదీలు, స్టూడియో, నిర్మాత: మెజారిటీ చాలు. సెట్‌లిస్టు (కచేరీలో వాయించే పాటల వరుస), మిక్స్ సవరణలు (రికార్డింగులో శబ్దాల పాళ్లు సరిచెయ్యడం), వేదిక అమరిక: ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు, ఏడాది పాటు, వాళ్ల మాటే చివరిది. నాయకత్వమంటే మా దృష్టిలో ఈ మూడో గంప. ఒకే మనిషి మూడు పనులూ పట్టుకోకూడదు.

మొదటి గంపలోది రెండో గంపలో పడితే ఏమవుతుందో బీటిల్స్ చూశారు. వాళ్ల మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ 1967లో పోయాక, 1969లో ముగ్గురు అలెన్ క్లెయిన్‌ను మేనేజరుగా కోరారు, పాల్ మెకార్ట్నీ ఒప్పుకోలేదు. ముగ్గురి మాటే నెగ్గింది. 1970 డిసెంబరు 31న మెకార్ట్నీ భాగస్వామ్యం రద్దు కోరుతూ దావా వేశాడు. దీనికి ఎదురు ఆర్.ఈ.ఎమ్. బ్యాండు. నలుగురికీ వీటో (ఒక్కరు వద్దన్నా ఆపే హక్కు), పాటల కింద నలుగురి పేరూ. 1997లో డ్రమ్మర్ బిల్ బెర్రీ వెళ్లిపోతూ, తాను వెళ్తే బ్యాండు ఆగిపోయేటట్టయితే వెళ్లనన్నాడు. మిగతా ముగ్గురూ 2011 దాకా కొనసాగారు.

అయితే వీటో ఉన్నచోట దాన్ని నోరు విప్పకుండా వాడేవాళ్లూ ఉంటారు: మెసేజీకి జవాబివ్వరు, రిహార్సల్‌కు రారు, పని దానంతటదే చచ్చిపోతుంది. అందుకే ప్రతిపాదన రాతలో ఉండాలి. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే మెజారిటీ విషయాల్లో ఆ ఓటు తటస్థం. ఏకగ్రీవం కావలసినచోట మౌనం అంగీకారం కాదు. వద్దన్నవాళ్లు కారణం రాయాలి. నలుగురిలో 2-2 అయితే ఉన్నదే కొనసాగుతుంది. అలా ఆగిపోకూడదనుకుంటే మేనేజరుకు తేల్చే ఓటు ఇవ్వవచ్చు, తన కమీషన్ సంగతిలో తప్ప.

సమావేశం కచేరీ ముగియగానే పెట్టవద్దు, వ్యానులోనూ పెట్టవద్దు. నెలకొకసారి, గంటసేపు, మూడు విషయాలకు మించకుండా. ఎక్కువ పాటలు రాసేవాళ్లు చివర మాట్లాడాలి. వాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్ల అభిప్రాయం బయటికే రాదు. నిర్ణయం, చేసే మనిషి, గడువు: ఈ మూడూ అక్కడే రాసుకోవాలి.

తేలనిది బ్యాండు పేరు సంగతి. రోజర్ వాటర్స్ 1985లో తన బ్యాండు పింక్ ఫ్లాయిడ్‌ను వదిలి, మరుసటి ఏడు పేరు మీద కోర్టుకెళ్లాడు. 1987 డిసెంబరులో రాజీ కుదిరేసరికి పేరు మిగిలినవాళ్లకు దక్కింది. వ్యవస్థాపకుల్లో ఒక్కరైనా లేకుండా పేరు వాడవచ్చా, చనిపోయిన సభ్యుడి వారసులకు డబ్బుతో పాటు ఓటు కూడా ఉండాలా అన్న రెండింటి మీదా కార్యవర్గంలో ఏకాభిప్రాయం రాలేదు. ఆ రెండు నిబంధనల చోటు ముసాయిదాలో ఖాళీగా ఉంది. మీ అభిప్రాయాలు సర్వసభ్య సమావేశానికి ముందే రాతలో ఇవ్వండి.

కార్యవర్గం