చిట్టికి ఆపరేషన్ అయింది

చిన్నా,

చిట్టి బాగుంది. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది నువ్వు చదవవు.

మన కుక్కకి గర్భసంచి తీయించడం ఎందుకు, దాన్ని బాధపెట్టడం దేనికి అని అడిగావు. పిల్లలు పుట్టకుండా ఉండటానికి మాత్రమే కాదురా. వయసు మీదపడ్డ ఆడకుక్కలకి గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు హడావిడిగా కోయించేకన్నా ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు చేయించడమే నయం.

డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి చూడనిచ్చారు. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని రాత్రి నుంచే తిండి ఆపించారు. మత్తు ఎక్కాక కూడా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. రెప్ప పడదు కాబట్టి కన్ను ఎండకుండా ఆయింట్‌మెంట్ రాశారు. కోత చిన్నదే. అండాశయాల దగ్గర కట్టిన ముడి జారితే లోపల్లోపలే రక్తం పోతుంది, అందుకే ప్రతి ముడినీ లాగి చూసుకునిగానీ వదల్లేదు.

నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది తర్వాతి సంగతి. మత్తులో కుక్క ఒళ్లు చల్లబడిపోతుంది. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. అటెండరు అబ్బాయి వేడినీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి దాని పక్కన పెట్టాడు. చిగుళ్లు గులాబీరంగులో ఉన్నాయా అని పెదవి ఎత్తి చూస్తూనే ఉన్నాడు. మెలకువ వచ్చేముందు చిట్టి కాళ్లు తన్నుకుంటూ ఏడ్చింది. అది నొప్పి ఒక్కటే కాదు, మత్తు దిగేటప్పుడు అలా చేస్తాయన్నారు. అయినా నాకు ఏడుపొచ్చింది.

పక్క చాప మీద ఒక వీధికుక్క పడుకుని ఉంది. ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవికి గాటు. వీధికుక్కల సంతానం అదుపు కోసం కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం దాన్ని పట్టుకొచ్చిన చోటే మళ్లీ వదలాలి. ఎవరూ అడగడానికి రాని ఆ కుక్క దగ్గర కూడా ఆ అబ్బాయి అంతే ఓపిగ్గా కూర్చుని ఊపిరి లెక్కపెట్టాడు. చిన్నా, మంచి ఆస్పత్రి ఏదని ఎవరైనా నిన్నడిగితే, మత్తు దిగేదాకా పక్కన మనిషి కూర్చునేది ఏదో కనుక్కోమను.

ఇంట్లో దాని మెడకి ప్లాస్టిక్ కాలర్ ఉంది, కుట్లు నాకకుండా. నొప్పికి డాక్టరు రాసిన మందే వేస్తున్నాం. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కలకి విషం కావచ్చు, నాన్నకి కూడా గట్టిగా చెప్పాను. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు. ఈలోగా నువ్వొస్తే గేటు దగ్గర పేరు పెట్టి పిలవకు, ఎగిరి మీదపడుతుంది. నేరుగా లోపలికొచ్చి దాని పక్కన కూర్చో.

మీ అమ్మ