రూట్ 4 పెడితే ఏమవుతుంది టీచర్?

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఆదివారం రాత్రి నువ్వు ఫోన్‌లో "అమ్మా, సీఎస్ఈ వదిలేసి మ్యాథ్స్‌లోకి వెళ్లిపోతాను" అన్నప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. దాన్ని నువ్వు కోపం అనుకున్నట్టున్నావు. తర్వాత పెట్టిన మెసేజ్‌లో మూడుసార్లు సారీ చెప్పావు. కోపం లేదు తల్లీ. తొందరపడి ఏదో ఒకటి అనేస్తే అదే నీ మనసులో ఉండిపోతుందని ఊరుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ నిన్నటితో అయిపోయింది. మీ నాన్న పొలం నుంచి ఇంకా రాలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నాన్న సంగతి చెప్తాను, ఎందుకంటే నువ్వు అన్నిటికంటే ఎక్కువ దాని గురించే భయపడుతున్నావు. విషయం చెప్తే ఆయన ఒక్క మాటే అన్నారు: "బాగానే చదువుతోందిగా, మధ్యలో ఏమొచ్చింది?" అని లేచి గేదెకు మేత వేయడానికి వెళ్లిపోయారు. నీ చదువు లోను ఆయన పేరు మీదే ఉంది, నిజమే. కానీ ఆయన దిగులు డబ్బు గురించి కాదు. మీ అత్త డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేసింది, మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు. చదువు మధ్యలో ఆపడం అంటే ఆయనకు అదే కళ్ల ముందు మెదులుతుంది. నువ్వు ఆయనతో మాట్లాడేటప్పుడు "వదిలేస్తాను" అనే మాట వాడకు. ఏం చదవాలనుకుంటున్నావో చెప్పు. ఆయన వింటారు.

ఇక నీ విషయం. "నాకు మ్యాథ్స్ ఎప్పుడూ బాగా వచ్చు కదమ్మా, ఇంటర్ 1ఏలో, 1బీలో 75కి 75 వచ్చాయి" అన్నావు. ఆ మార్కులు చూసి నేనెంత పొంగిపోయానో నీకు తెలుసు. అయినా ఈ నిర్ణయానికి వాటిని సాక్ష్యంగా తెచ్చుకోకు. ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలు. అంటే ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ రెండేళ్లూ నీకు నేర్పింది, లెక్కను చూడగానే ఇది ఏ మోడల్, దీనికి ఏ ఫార్ములా అని పోల్చుకోవడం. అది చిన్న విద్య కాదు, నువ్వు చాలా కష్టపడ్డావు. కానీ యూనివర్సిటీలో మ్యాథ్స్ అంటే ఆ విద్యకు కొనసాగింపు అనుకుని వెళ్లినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే తెల్లబోతారు. అక్కడ లెక్కలు చేయడం తక్కువ, నిరూపించడం ఎక్కువ. ఆ ఫార్ములా ఎందుకు నిజమో, ఎక్కడ పని చేయదో అడుగుతారు. పుస్తకంలో ఒక్క పేజీ ఒక రోజు తినేస్తుంది. ఒక్కోసారి వారం గడిచినా ఒక్క ప్రశ్న కదలదు.

ఇది నాకు తెలిసింది నా చేదు అనుభవం వల్లే. బీఈడీ అయి, ఉద్యోగం వచ్చాక, దూరవిద్యలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ కట్టాను. నువ్వప్పుడు ఒళ్లో పిల్లవి. రియల్ అనాలిసిస్ పుస్తకం తెరిస్తే ఎప్సిలాన్, డెల్టా అంటూ మొదలైంది. అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. వారాంతం క్లాసుల్లో బోర్డు మీద రాసింది రాసుకుని వచ్చేవాళ్లం. గైడు కొనుక్కుని, వచ్చే ప్రశ్నలు గుర్తులు పెట్టుకుని, నిరూపణలన్నీ పద్యాల్లా బట్టీ పట్టాను. ఫస్ట్ క్లాస్ వచ్చింది. సర్టిఫికెట్ బీరువాలో ఉంది. కానీ కాంపాక్ట్ సెట్ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలియదు, దాని మీద పది మార్కుల జవాబు మాత్రం తప్పు లేకుండా రాశాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది చిట్టీ. ఇష్టపడిన సబ్జెక్ట్ గుమ్మం దాకా వెళ్లి, లోపలికి చూడకుండా వెనక్కి వచ్చేశాను. నువ్వు మ్యాథ్స్ అన్నప్పుడు నా గుండె కొట్టుకున్నది అందుకే. అందుకే జాగ్రత్తగా కూడా ఉన్నాను. నేను చేయలేకపోయింది నీ చేత చేయించాలన్న ఆశ ఈ ఉత్తరంలో ఎక్కడైనా దూరిందా అని ప్రతి పేరా మళ్లీ చదువుకుంటున్నాను. నీకు అలా అనిపించిన చోట గీత గీసి నాకు చెప్పు.

సరే, మార్కులు సాక్ష్యం కాకపోతే మరేది సాక్ష్యం? నా దగ్గర ఒకటి ఉంది. నువ్వు మర్చిపోయి ఉంటావు.

నువ్వు పదో తరగతి. మా బడిలోనే, నా క్లాసులోనే. మొదటి పాఠం, వాస్తవ సంఖ్యలు. రూట్ 2 కరణీయ సంఖ్య, అంటే పూర్ణాంకాల భిన్నంగా రాయలేని సంఖ్య, అని నిరూపిస్తున్నాను. రూట్ 2 ఒక భిన్నం, పి బై క్యూ అనుకుందాం, పికీ క్యూకీ ఉమ్మడి కారణాంకం లేదనుకుందాం. వర్గం చేస్తే పి వర్గం, క్యూ వర్గానికి రెట్టింపు. 2 పి వర్గాన్ని భాగిస్తోంది కాబట్టి పిని కూడా భాగించాలి. అక్కడి నుంచి నడిస్తే క్యూని కూడా భాగించాలని వస్తుంది. ఉమ్మడి కారణాంకం లేదన్నాం కదా, వైరుధ్యం. బోర్డు మీద రాసి, అందరినీ నోట్సులో దించుకోమన్నాను. వెనక నుంచి రెండో బెంచీలో నువ్వు చెయ్యెత్తావు. బడిలో నన్ను టీచర్ అనేదానివి.

"టీచర్, 2 ఉన్న చోటల్లా 4 పెడితే? అప్పుడు రూట్ 4 కూడా కరణీయ సంఖ్య అయిపోతుందిగా. కానీ అది 2 కదా!"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నిరూపణ నేను ఎనిమిదేళ్లుగా చెప్తున్నాను, ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. రేపు చెప్తానన్నాను. రాత్రి చారు పోపు పెడుతూ కూడా అదే ఆలోచన. ఏ లైను దగ్గర ఆగాలి అది? తొమ్మిదింటికి దొరికింది. 4, పి వర్గాన్ని భాగించినంత మాత్రాన పిని భాగించనక్కర్లేదు. 6 వర్గం 36, దాన్ని 4 భాగిస్తుంది, 6ని భాగించదు. నిరూపణ అక్కడ ఆగిపోతుంది. ఆగాలి కూడా. నిన్ను లేపి చెప్దామని గదిలోకి వస్తే నువ్వు నిద్రపోలేదు. పక్క మీద రఫ్ నోట్సు పెట్టుకుని ఆ లైను కిందే గీత గీసి కూర్చున్నావు.

చూడు, పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఒక్క మార్కు రాదు. అయినా అది తేలేదాకా నీకు నిద్ర పట్టలేదు. నా లెక్కలో నీ 75కి 75 కంటే అది పెద్ద సాక్ష్యం. తర్వాత రెండేళ్లు కార్పొరేట్ కాలేజీలో ఉన్నావు. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్. అలాంటి ప్రశ్న ఒక్కటి కూడా నీ నోట వినలేదు. అది చచ్చిపోయిందేమో అనుకున్నాను. మొన్న దసరా సెలవుల్లో, కూరగాయల బండి దగ్గర నేను బెండకాయలు ఏరుతుంటే, డిస్క్రీట్ మ్యాథ్స్ క్లాసులో విన్న పావురాల గూళ్ల సంగతి చెప్పావు. పదమూడు మంది ఉంటే ఇద్దరైనా ఒకే నెలలో పుట్టి ఉండాలని, ఇంత చిన్న మాటతో ఎంత పెద్ద పెద్ద సంగతులు తేలుతున్నాయో అని. నీ మొహం చూసి అప్పుడే అనుకున్నాను, ఇలాంటి ఫోన్ ఒకటి వస్తుందని.

జర్మన్ గణిత శాస్త్రవేత్త గాస్ గురించి నీకు తెలుసు. కానీ ఆయన లెక్కల్లోకి ఎలా వచ్చాడో చెప్పానో లేదో. పద్దెనిమిదేళ్లప్పుడు ఆయన భాషలు చదవాలా, గణితం చదవాలా అని తేల్చుకోలేకపోయాడట. 1796 మార్చి 30న, స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని కనిపెట్టాడు. గ్రీకుల తర్వాత దాదాపు రెండు వేల ఏళ్లుగా ఎవరూ ఒక్క అడుగు ముందుకు వేయని చోట అది. దాంతో గణితమే అని తేల్చుకున్నాడు. ఆయన డైరీలో మొదటి మాట కూడా అదే. నువ్వు గాస్‌వి కావాలని కాదు. ఎవరో ఇచ్చిన మార్కు చూసి కాక, తన చేత్తో తను చేసిన ఒక పని చూసుకుని నిర్ణయం తీసుకున్నాడు, నాకు నచ్చింది అది.

ఆలస్యం అయిపోయిందని ఏడ్చావు కదా, దానికి కూడా ఒకటి. కొరియాలో జూన్ హుహ్ అని ఒకాయన, కవిత్వం రాస్తానని హైస్కూల్ మానేశాడు. తర్వాత యూనివర్సిటీలో చేరి భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదివాడు. సైన్స్ విలేకరి అవుదామనుకున్నాడు. చివరి ఏడాదిలో హిరోనకా అనే జపాన్ గణిత శాస్త్రవేత్త క్లాసులో కూర్చుని లెక్కల్లో పడ్డాడు. అమెరికాలో డజను యూనివర్సిటీలకు అప్లై చేస్తే ఒక్కటే సీటిచ్చింది. 2022లో ఆయనకు గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. నీకు పందొమ్మిదేళ్లు. ఆలస్యం అన్న మాట ఇంక అనకు.

ఇప్పుడు ఒక కష్టమైన ప్రశ్న అడుగుతాను, జవాబు నాకు చెప్పక్కర్లేదు. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్ట్ ఉండిపోయింది. హాస్టల్‌లో ఎప్పుడు చూసినా ప్యాకేజీలు, కోడింగ్ రౌండ్లు, ఈసారి ఎన్ని కంపెనీలు వస్తాయన్న టెన్షన్. ఆ టెన్షన్ లేకపోతే, రేపు పొద్దున నీ చేతిలో మంచి ఆఫర్ లెటర్ ఉంటే, అప్పుడు కూడా నీకు మ్యాథ్స్ కావాలా? కావాలంటే మంచిది. లేదంటే ముందు ఆ బ్యాక్‌లాగ్ రాసి పాస్ అవ్వు, తర్వాత చూద్దాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నా అభిప్రాయం అడిగావు. దాచకుండా చెప్తున్నాను. ఇప్పుడే బీటెక్ ఆపొద్దు, మ్యాథ్స్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. ఫీజు గురించి కాదు ఇది. నువ్వు ఇంతవరకు చూసింది డిస్క్రీట్ మ్యాథ్స్ ఒక్క సెమిస్టర్. అది వాకిలి. లోపల అనాలిసిస్, ఆల్జీబ్రా ఎలా ఉంటాయో చూడకుండా ఇల్లు మారకూడదు. ఈ వేసవిలో రెండు నెలలు రియల్ అనాలిసిస్‌తో కూర్చో. ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పాఠం వినడం కాదు, అభ్యాసాలు చేయాలి, జవాబు చూడకుండా. వచ్చే వేసవికి ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ శిబిరానికి నీకు అర్హత ఉందేమో కనుక్కో. 1993లో ప్రొఫెసర్ కుమరేశన్ మొదలుపెట్టిన శిక్షణ అది. తర్వాత ఆయన మన హైదరాబాద్ యూనివర్సిటీలో కూడా పాఠాలు చెప్పారు. అక్కడ టీచరు చెప్పుకుంటూ పోరు, పిల్లల చేత ఆలోచింపజేసి, వాళ్ల చేతే చెప్పిస్తారు. నాకు దొరకనిది అదే.

బీటెక్ పూర్తి చేసినా మ్యాథ్స్ దారి మూసుకుపోదు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఎమ్మెస్సీకి, టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ ఎంట్రన్స్‌కి బీటెక్ వాళ్లను కూడా తీసుకుంటారు. ఎంట్రన్స్‌లో మాత్రం డిగ్రీ మూడేళ్ల మ్యాథ్స్ అడుగుతారు, అది నీ అంతట నువ్వు చదువుకోవాలి. కాదు, ఇప్పుడే మారాలి అంటే అదే చెన్నైలో బీఎస్సీలో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపి చెప్తారు. నిన్ను లాగుతున్నవి ఆ రెండూ కలిసే చోటేమో అని నాకు అనుమానం. దానికి ఎంట్రన్స్ రాసి మళ్లీ మొదటి సంవత్సరం నుంచి రావాలి. వేసవి చివర, ఆ అభ్యాసాలతో కుస్తీ పట్టాక కూడా నీ మాట ఇదే అయితే, నేను నాన్న పక్కన కూర్చుని నీ తరఫున మాట్లాడతాను. పోయిన రెండేళ్ల గురించి ఈ ఇంట్లో ఎవరూ నిన్ను దెప్పరు. అది నా పూచీ.

"లెక్కలు చదివితే బడిపంతులు తప్ప ఇంకేం అవుతుంది" అని మీ పెదనాన్న అంటారు. అననీ. నేను పంతులమ్మనే, ఆ పనిలో నాకు లోటు లేదు. అయినా నాన్న కోసం సి.ఆర్. రావుగారి సంగతి చెప్పాను. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. ఇరవై అయిదేళ్ల వయసులో, 1945లో, ఆయన రాసిన పేపర్ ఇవాళ్టికీ ప్రతి స్టాటిస్టిక్స్ క్లాసులో వస్తుంది. నూట రెండేళ్లు బతికారు. సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర ఆయన పేరు పెట్టిన రోడ్డు ఉంది, నువ్వు బస్సులో వెళ్లే ఉంటావు. నాన్న అంతా విని, "ఆ రోడ్డు ఆయనదేనా" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు కానీ, పొద్దున పొలానికి వెళ్తూ "శనివారం వస్తుందిగా, మాట్లాడదాం" అన్నారు. మాగాయ కొత్త జాడీలోకి తీశాను, వెళ్లేటప్పుడు పట్టుకెళ్దువు గాని.

ఈలోగా నీకో పని. ఆ రోజు మనం రూట్ 4 దగ్గర ఆపేశాం. నిన్న రాత్రి 2 నుంచి 20 దాకా ఒక్కో సంఖ్యా పెట్టి, నువ్వు గీత గీసిన ఆ లైను ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తెగుతుందో చూశాను. 4, 8, 9, 12, 16, 18, 20 దగ్గర తెగుతోంది. మిగతా అన్నిటికీ నిలబడుతోంది. 4, 9, 16 అంటే సరే, అవి వర్గాలు. కానీ రూట్ 12 నిజంగా కరణీయ సంఖ్యే కదా, మరి దాని దగ్గర ఎందుకు తెగాలి? ఈ ఏడింటికీ ఉన్న పోలిక ఏమిటో నాకు ఒక ఊహ ఉంది, నోట్సులో రాసి మడత పెట్టాను. నీ జవాబు విన్నాకే విప్పుతాను.

ఉంటాను,
అమ్మ