దేవుని ఉద్దేశం ఎక్కడ వెతకాలో చూపించిన మీ అందరికీ వందనాలు

ప్రభువు నామమున అందరికీ వందనాలు.

"నా బ్రతుకు విషయంలో దేవుని ఉద్దేశం ఏమిటి?" అన్న ప్రశ్నకు ఓపికగా జవాబులు రాసిన పెద్దలకు, అన్నలకు, అక్కలకు హృదయపూర్వక కృతజ్ఞతలు. "ప్రార్థన చేసుకోండి, దేవుడే చూపిస్తాడు" అని అంతటితో వదిలేయకుండా ఏం రాసుకోవాలో, ఎన్నాళ్లు చూడాలో, ఎక్కడ దారి తప్పుతామో విడమరిచి చెప్పారు. ఇదే ప్రశ్న మనసులో మోస్తున్నవాళ్లు ఇంకా ఉంటారు కనుక మీ మాటలు ఇక్కడ పెడుతున్నాం.

"మీ విషయంలో నా ఉద్దేశాలు హాని చేసేవి కావు, మేలు చేసేవే" అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ని సరిగ్గా చదివించిన పెద్దాయనకు మొదటి వందనం. గోడమీద ఆ ఒక్క వచనమే కనిపిస్తుంది. నిజానికి అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోని మాట. వాళ్లు తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని దానికి ముందు వచనంలోనే ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. మరి అంతవరకూ ఏం చేయాలి? 5 నుంచి 7 వచనాలు చెబుతాయి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణపు క్షేమం కోరి ప్రార్థించండి. కోరుకోని ఊళ్లో, కోరుకోని రోజుల్లో చేసే పనులే ఇవన్నీ. మాకు అందిన సాయంలో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఇక నోటుపుస్తకం పద్ధతి. రోజూ రాత్రి 10 నిమిషాలు, మూడే వాక్యాలు. ఈ రోజు ఎవరి అవసరం కంటపడింది? నా చేతిలో ఏముంది? (నిర్గమకాండము 4:2 లో దేవుడు మోషేను అడిగింది ఇదే, అతని చేతిలో ఉన్నది ఒక కర్ర.) నేను ఏం చేశాను, ఏం వదిలేశాను? "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే రేపు చేయడానికి ఏమీ దొరకదు. "కింది ఇంటి తాతగారికి మందుచీటీ మీద అక్షరాలు కనబడటం లేదు, నాకు కనబడతాయి" అని రాస్తే రేపటి పని తేలిపోతుంది. 14 రోజుల తర్వాత, మళ్లీ మళ్లీ వచ్చిన అవసరం కింద గీత గీయాలి. అందులో ఒక్కటే తీసుకుని, వారానికి ఒక రోజు, ఒక గంట అని ఖాయం చేసుకుని నాలుగు వారాలు చేయాలి. ఆ తర్వాత ఈ పని మనకు తగినదేనా అని మనల్ని బాగా ఎరిగిన ఇద్దరిని అడగాలి. వాళ్లలో ఒకరైనా ముఖస్తుతి చేయనివారై ఉండాలి.

చాలామంది పదో రోజుకే ఆపేస్తారట. ఏమీ అనిపించడం లేదని. అనిపించడం కొలత కాదు, అవతలివాళ్ల అవసరం తీరిందా లేదా అన్నదే కొలత. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన వచనాన్ని దేవుని పిలుపనుకోవడం ఇంకో పొరపాటు. సంఘంలో ఐదు బాధ్యతలు నెత్తిన వేసుకుని ఇంట్లోవాళ్లను గాలికొదిలేయడం మరొకటి, 1 తిమోతి 5:8 దాన్ని చాలా గట్టిగా ఖండిస్తుంది.

ప్రసంగం చేయలేనివాళ్లకు పిలుపు లేదా అన్నదానికి ఒక అక్క ఇచ్చిన జవాబు మరచిపోలేం. నిర్గమకాండము 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు చేతిపనివాడు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్ర, ఇవే అతని పరిచర్య. యొప్పే పట్టణంలో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోతే విధవరాళ్లు ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు అపొస్తలుడైన పేతురుకు చూపిస్తూ ఏడ్చారు. ఆమె చెప్పిన మాట ఒక్కటీ అక్కడ రాయలేదు, కుట్టిన బట్టలే ఉన్నాయి.

కొలొస్సయులకు 3:23 విషయంలో హెచ్చరించినవారికి కూడా రుణపడి ఉన్నాం. మనస్ఫూర్తిగా ప్రభువు కోసం పని చేయమన్న ఆ మాట దాసులతో చెప్పింది, కాబట్టి ఇష్టంలేని పనికీ వర్తిస్తుంది. కానీ జీతం ఎగ్గొట్టే యజమాని చేతికి దాన్ని ఆయుధంగా ఇవ్వకూడదు. కొద్ది వచనాల తర్వాత 4:1 లో, న్యాయంగా ఇవ్వవలసింది ఇవ్వమని యజమానులకే ఆజ్ఞ ఉంది. దాసత్వం నుంచి విడుదలయ్యే వీలుంటే అవ్వమని 1 కొరింథీయులకు 7:21 చెబుతుంది. ఉద్యోగం మారడం అవిశ్వాసమేమో అని మథనపడేవాళ్లకు ఈ రెండు వచనాలూ తప్పక చూపించండి.

మూడు వాక్యాలకు గళ్లు గీసి పంపిన చెల్లికి, ఉదయం పని మొదలుపెట్టే ముందు "ప్రభువా, ఈ రోజు ఎవరిని నా ముందుకు తెస్తావో వాళ్లను చూసే కళ్లివ్వు" అన్న చిన్న ప్రార్థన రాసిచ్చిన తల్లికి మరోసారి వందనాలు. ఆ కాగితం కావలసినవాళ్లు అడగండి, పంపిస్తాం.