లెక్క తప్పింది కంప్యూటర్, జైలుకెళ్లింది పోస్ట్‌మాస్టర్

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫలానా సేవ ఆన్‌లైన్ చేశాం, ఇక పొరపాటుకు తావే లేదు అని ఏ శాఖ ప్రకటించినా నాకు బ్రిటన్ పోస్టాఫీసు గుర్తొస్తుంది. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ని కాబట్టి ఆ కేసును మొదటి నుంచీ ఆసక్తిగా చదువుతూ వచ్చాను. మన దగ్గర దాని మీద పెద్దగా చర్చ జరగలేదు. జరగాల్సిన అవసరం మాత్రం ఉంది.

1999లో అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టడం మొదలైంది. ఫుజిత్సు కంపెనీది. అక్కడ సబ్ పోస్ట్‌మాస్టర్లంటే మనలా శాఖ ఉద్యోగులు కారు. చాలామంది చిన్న కొట్టు పెట్టుకుని, అందులోనే పోస్టాఫీసు కౌంటర్ కూడా కాంట్రాక్టు మీద నడుపుకునేవాళ్లు. లెక్క కట్టే వేళకు డ్రాయర్‌లో డబ్బు ఒకటి, స్క్రీన్ మీద అంకె ఇంకొకటి. కాంట్రాక్టు చూపించి ఆ లోటు కట్టమనేవారు. ఉన్నది ఊడ్చి, అప్పు చేసి, ఇల్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లు ఎందరో. కొందరు కట్టీ కేసుల పాలయ్యారు. దొంగతనం, మోసం, దొంగ లెక్కలు అని 2015 దాకా 900 మందికి పైగా దోషులుగా తేలారు. వాళ్లలో దాదాపు 700 మంది మీద కేసు నడిపింది పోలీసులు కాదు, పోస్టాఫీసే. అక్కడి చట్టం అందుకు వీలిచ్చింది. డబ్బు పోయిందన్నది వాళ్లే, విచారించింది వాళ్లే, కోర్టులో శిక్ష వేయమన్నదీ వాళ్లే.

కౌంటర్ మీద కూర్చున్న ఎవరికైనా షార్టేజ్ అంటే ఎంత టెన్షనో తెలుసు. వంద రూపాయలు తేడా వచ్చినా వోచర్లన్నీ మళ్లీ తిరగేస్తాం, దొరక్కపోతే జేబులోంచి పెట్టి ఇంటికెళ్తాం. చేత్తో రాసిన రోజుల్లో వెతుక్కోవడానికి కనీసం ఒక పుస్తకం ఉండేది. హాంప్‌షైర్‌లోని ఒక పల్లెలో పోస్టాఫీసు నడిపిన జో హామిల్టన్‌కు అదీ లేదు. 2,000 పౌండ్లు తక్కువ చూపిస్తోందని ఆమె హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. వాళ్లు చెప్పిన బటన్లు చెప్పినట్టే నొక్కింది. చూస్తుండగానే లోటు 4,000 అయింది! ఇలా ఫోన్ చేసిన ఎంతోమందికి హెల్ప్‌లైన్ నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: ఈ సమస్య మీకు తప్ప ఇంకెవరికీ లేదు. దేశమంతటా వందల మందికి విడివిడిగా ఇదే మాట. ఒకరి సంగతి ఒకరికి తెలియదు కాబట్టి, తప్పు తమదేనేమో అని కుమిలిపోయారు.

సర్రేలో కౌంటర్ నడిపిన భారత సంతతి మహిళ సీమా మిశ్రాకు 2010 నవంబరులో 15 నెలల జైలు శిక్ష పడింది. అప్పటికి ఆమె గర్భవతి. అది పెద్ద కొడుకు పదో పుట్టినరోజు.

పెద్ద సంస్థలో సాఫ్ట్‌వేర్ తప్పు చేయడం వింతేమీ కాదు. తెలిశాక వాళ్లు ఏం చేశారన్నదే నన్ను నిలవనీయదు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్న సంగతిని కోర్టుల్లో సాక్ష్యం చెప్పిన ఫుజిత్సు నిపుణుడు దాచాడని 2013లోనే పోస్టాఫీసుకు సొంత న్యాయవాది రాసి ఇచ్చాడు. బయటి నుంచి పిలిచిన ఆడిటర్లు లోతుకు వెళ్తుంటే 2015లో వాళ్లను సాగనంపారు. అదే ఏడాది పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లే ముందు చీఫ్ ఎగ్జిక్యూటివ్ పాలా వెనెల్స్ తన సిబ్బందికి ఒక ఈమెయిల్ పెట్టింది. బ్రాంచి లెక్కల్లోకి బయటి నుంచి ఎవరైనా వెళ్లగలరా, నిజం ఏమిటి అని అందులో అడిగింది. ఆ వెంటనే, అది సాధ్యం కాదని నేను చెప్పాలి, ఎందుకు కాదో కారణం ఇవ్వండి అన్నట్టు రాసింది. ప్రశ్నా తనదే, జవాబూ తనదే. మధ్యలో కారణం మాత్రం కింది వాళ్లు వెతకాలి. నిజానికి ఫుజిత్సు వాళ్లు బ్రాంచి లెక్కల్లోకి వెళ్లగలిగేవారు. ఇలాంటి నోట్ ఫైళ్లు మన ఆఫీసుల్లో నడవవని గుండె మీద చెయ్యి వేసుకుని ఎంతమంది చెప్పగలరు?

555 మంది కలిసి దావా వేస్తే, 2019లో మొదటి తీర్పు తమకు వ్యతిరేకంగా రాగానే ఆ జడ్జి పక్షపాతి, తప్పుకోవాలని పోస్టాఫీసు పిటిషన్ వేసింది. అది చెల్లలేదు. చివరికి 5.775 కోట్ల పౌండ్లకు రాజీ కుదిరితే అందులో ఎక్కువ భాగం కోర్టు ఖర్చులకే పోయింది. 2024 జనవరిలో ఈ కథ టీవీలో నాటకంగా వచ్చి జనం మండిపడ్డాకే ప్రభుత్వం కదిలింది. ఆ మే నెలలో చట్టం చేసి శిక్షలు కొట్టేసింది. వెనెల్స్ తన బిరుదు వెనక్కిచ్చింది. ఈ వ్యవహారం వల్ల కనీసం 13 మంది ఆత్మహత్య చేసుకుని ఉండొచ్చని 2025 జులైలో విచారణ సంఘం చెప్పింది.

మనకేం సంబంధం అంటారా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మొదటి ఏడాది తొంభైల్లో మార్కులు తెచ్చుకున్న పిల్లలకు రెండో ఏడాది సున్నాలు పడ్డాయి. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ వేశారు. తప్పేమీ జరగలేదనే బోర్డు మొదట వాదించింది. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి పేపర్ తీసి చూస్తే 99. త్రిసభ్య కమిటీ వేస్తే, ఫలితాలు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోనూ లోపాలున్నాయని తేల్చింది. ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా తిరిగి చూడమని ముఖ్యమంత్రి ఆదేశించాక వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈలోపు ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. సున్నా వేసిన లెక్చరర్ మీద మాత్రం చర్య చకచకా తీసుకున్నారు.

బ్రిటన్‌లో కంప్యూటర్ సరిగానే పనిచేస్తోందని కోర్టులు ముందే అనుకునేవి, కాదని నిరూపించుకోవాల్సింది ముద్దాయి. మన దగ్గర రేషన్ షాపులో వేలిముద్ర పడని ముసలమ్మ పరిస్థితి, పెన్షన్ జాబితాలో పేరు పోయిన మనిషి పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. అమ్మా, నీ వేలే అరిగిపోయింది అంటారు తప్ప మిషన్ సంగతి చూడరు.

అందుకే నేను అడిగేది చిన్నవే. సాఫ్ట్‌వేర్ చూపించిన తేడాను ఎవరి దగ్గరైనా వసూలు చేసే ముందు, ఆ లావాదేవీల పూర్తి రికార్డు ఆ మనిషి చేతికివ్వాలి. ఒకే రకం ఫిర్యాదు ఎన్ని చోట్ల నుంచి వచ్చిందో ప్రతి శాఖా నెలనెలా ప్రకటించాలి. అప్పుడు ‘మీ ఒక్కరికే’ అనే అబద్ధం చెల్లదు. రాబోయే ఇంటర్ ఫలితాలప్పుడైనా, మార్కుల మీద వచ్చిన ఫిర్యాదులెన్ని, సరిచేసినవెన్ని అన్నది ఏ రోజుకారోజు రెండు రాష్ట్రాల బోర్డులూ వెబ్‌సైట్‌లో పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మాస్టర్,
నల్గొండ