వేట నిషేధంలో బోట్ల పైపులు కూడా చూడండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకు ఇంజను, పైపుల పని చేసేవాణ్ని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. పరిహారం కోసం మీ సిబ్బంది వచ్చి చూస్తారు. ఆ తనిఖీలోనే ఇంకో పని కలపమని అడుగుతున్నాను.

బోటు అడుగున చేరే నీటిని తోడే పంపు పైపు పక్కగోడలోంచి బయటికి వెళ్తుంది. ఖాళీ బోటుకు ఆ రంధ్రం నీటికి పైనే ఉంటుంది. ఐసు, డీజిల్, మంచినీళ్లు నింపాక బోటు దిగి రంధ్రం మునుగుతుంది. ఇక పంపు ఆపితే చాలు, డబ్బాలోంచి గొట్టంతో డీజిల్ లాగినట్టు సముద్రం దానంతటదే లోపలికి వస్తుంది. లోపలి మట్టానికీ బయటి మట్టానికీ అడుగు తేడా ఉంటే అంగుళం పైపులో సెకనుకు అర లీటరు దాకా రావచ్చు. అంటే గంటకు 1800 లీటర్లు. రాత్రి కళాసీలు పడుకుంటే ఎవరికి తెలుస్తుంది? తెలిసేసరికి బ్యాటరీ కూడా మునిగి, పంపు తిరగదు.

చాలామంది నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ వేసుకుని టెన్షన్ లేదనుకుంటారు. చేపల బోటులో పొలుసులు, వల దారాలు ఎక్కడైనా ఉంటాయి. ఒక్క దారం ఇరుక్కుంటే అది మూసుకోదు. అదొక్కటే నమ్ముకోవడం తప్పు. పైపును డెక్ కిందిదాకా ఎత్తి, తిరగేసిన యూ లాగా వంచి దించాలి. వంపు పైన గాలి పీల్చే చిన్న వాల్వ్ ఉండాలి. పంపు ఆగగానే గాలి దూరి ధార తెగుతుంది. నిండు బోటు ఒరిగినా వంపు నీటికి పైనే ఉండాలి కాబట్టి బోటు నడిమికి దగ్గరగా బిగించాలి. వాల్వ్‌లో ఉప్పు పేరుకోకుండా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి. రంధ్రం దగ్గర చేత్తో కట్టేసే వాల్వ్ కూడా ఉండాలి.

పొగగొట్టంలోకి సముద్రపు నీరు వదిలే ఇంజన్లకూ ఇదే వంపు అవసరం. లేకపోతే ఆగిన ఇంజను సిలిండర్లలోకి నీరు చేరవచ్చు.

ఖర్చు పెద్దది కాదు, చెప్పేవాళ్లు లేకే ఇన్నాళ్లూ ఆగింది. విశాఖలోనే ఉన్న కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ బోధకులతో నిషేధ కాలంలో మెకానిక్‌లకూ, బోటు నడిపే సరంగులకూ శిక్షణ ఇప్పించండి. తనిఖీ కాగితంలో ఈ పైపుకో గడి పెట్టండి. కొత్త బోటు రిజిస్ట్రేషన్‌కు దీన్ని తప్పనిసరి చేయండి. ఉత్తర్వు వచ్చే ఏప్రిల్ 15 కంటే ముందే రావాలి. నిషేధం ముగియగానే బోట్లు నిండు బరువుతో కదులుతాయి, అప్పుడు పైపు మార్చుకోమంటే ఎవరూ ఆగరు.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్, విశాఖపట్నం