తగ్గనివాళ్లకు కూడా సాక్ష్యం ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

కష్టాల్లో దేవుణ్ణి నమ్ముకోవడం గురించి మీ పేజీలో ఈ మధ్య వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. అంతగా నమ్ముకున్నవాళ్లకే అన్ని కష్టాలెందుకు, ఆ దేవుడేం చేస్తున్నట్టు అని ఒకాయన అడిగారు. దానికి జవాబుగా మా క్రైస్తవుల్లోనే ఒకరు, విశ్వాసం నిండుగా ఉన్న ఇంట్లో రోగం నిలవదని, నిలిచిందంటే ఆ ఇంట్లో ఎక్కడో లోపం ఉన్నట్టేనని రాశారు. మొదటాయన మీద నాకు కోపం రాలేదు, అది న్యాయంగా అడగాల్సిన ప్రశ్నే, నేనూ రాత్రిళ్లు అడిగిందే. రెండో ఉత్తరం చదివాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా ఆయన మేస్త్రీ. పాలమూరు మగవాళ్లందరిలాగే వయసులో ఉన్నప్పుడు బొంబాయి, పుణె పనులకు పోయి, చివరికి ఊళ్లోనే ఇళ్లు కట్టుకుంటూ స్థిరపడ్డాడు. బీపీ ఉందని తెలియదు, నడుం నొప్పికి మాత్రలు మింగుతూ పనికి పోయేవాడు, కాళ్లు ఉబ్బి ఆయాసం వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి దానికి డబ్బు కట్టడం లేదు, డయాలసిస్ వాళ్లకిచ్చే 2,016 రూపాయల పింఛను ఉంది, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి తోడు పోయే నాకు టికెట్ ఖర్చు లేదు. ఇవే లేకపోతే మా ఇంట్లో ప్రార్థనలతో పాటు మిత్తీలు కూడా పెరిగేవి. దేవుడు చేసిన మేలు అని నేను చెప్పేటప్పుడు ఇవి కూడా కలిపే చెబుతాను, మా చర్చి పాస్టర్ అయ్యగారు నవ్వుతారు.

ఎంబీ (మెన్నొనైట్ బ్రదరెన్) చర్చిలోనే పుట్టి పెరిగాను. మా దగ్గర ఎవరికైనా బాగాలేకపోతే చూడటానికి రావడం పెద్ద ఆచారం, మంచి ఆచారం కూడా. వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రారు. కొబ్బరి బోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు తెస్తారు. కిడ్నీలు పోయిన మనిషికి వాటిలోని పొటాషియం విషమని, గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉందని వాళ్లకు తెలియదు పాపం. వాళ్లు వెళ్లిపోయాక పక్కింటి పిల్లలకు పంచేదాన్ని. కొందరు తెచ్చే మాటలూ ఆ బోండాల్లాంటివే. ప్రేమతోనే తెస్తారు, లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. "దాచుకున్న పాపమేదన్నా ఉంటే ఒప్పుకోమని చెప్పు బిడ్డా" అని ఒకావిడ నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. ఇంకొకాయన విత్తనపు కానుక అని డబ్బు పంపితే అడ్డు తొలుగుతుందని ఫోన్ నంబరు రాసిచ్చాడు. అంత నీరసంలో మంచం మీదున్న మనిషి, ఆ రాత్రంతా చిన్నప్పటి నుంచి తాను చేసిన తప్పులన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. రోగం ఒకటి చాలదన్నట్టు ఇదొక టెన్షన్.

ఆ ఉత్తరం రాసిన సోదరుణ్ణి అడుగుతున్నాను, మీరు ఏ బైబిల్ చదువుతున్నారు? కష్టాల మీద కష్టాలు పడిన యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు రాత్రింబగళ్లు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు, అంతవరకు వాళ్లంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచి నీ పాపమేదో ఉంటుందని మొదలుపెట్టాకే చెడిపోయింది. మీరు పనికిమాలిన వైద్యులని యోబే వాళ్ల ముఖం మీద అన్నాడు. చివరి అధ్యాయంలో దేవుడు కోపపడింది కూడా వాళ్ల మీదే, పుట్టిన దినాన్ని శపించి, దేవుణ్ణే నిలదీసిన యోబు మీద కాదు. తన శరీరంలో ముల్లు తీసెయ్యమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు, నా కృప నీకు చాలునన్నాడు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతు ఊళ్లో వదిలి రావాల్సి వచ్చిందని ఆ పౌలే రాశాడు. తన శిష్యుడు తిమోతికి మాటిమాటికీ జబ్బు చేస్తుంటే, నీళ్లే తాగకుండా కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం కూడా పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. వీళ్లందరి విశ్వాసం తక్కువేనా? పౌలు రుమాళ్లు తాకితే రోగాలు పోయాయని చెప్పే బోధకులు త్రోఫిము దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు, నేనైతే ఇంతవరకు ఆ వచనం మీద ప్రసంగం వినలేదు.

నా పుట్టిల్లు మర్రిగూడ వైపు. నల్గొండ జిల్లా అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ ఫ్లోరైడ్ ఊళ్లే. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ మా బోర్లలో ఎంతో ఎక్కువగా ఉండేది. మా చిన్నప్పుడు గారపళ్లు లేని పిల్లలు అరుదు, కాళ్లు వంకరపోయినవాళ్లు, వెన్ను వంగి మెడ తిప్పలేనివాళ్లు ప్రతి వీధిలో ఉండేవాళ్లు. మా చర్చిలో మోకాళ్లూనలేక గోడకు ఆనుకుని ప్రార్థించే పెద్దమనుషులను చూస్తూ పెరిగాను. అప్పుడు కూడా కర్మ అనేవాళ్లు కర్మ అన్నారు, శాపం అనేవాళ్లు శాపం అన్నారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులడిగితే, వీడూ చేయలేదు వీణ్ణి కన్నవాళ్లూ చేయలేదని యేసు ప్రభువు చెప్పిన మాట ఎంతమందికి గుర్తుందో మరి. తరవాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, ఇప్పటి పిల్లలు నిటారుగా నడుస్తున్నారు. వీళ్ల విశ్వాసం వాళ్ల తాతల విశ్వాసం కన్నా గొప్పదై కాదు కదా. నీళ్లు మారాయి, అంతే. ఆ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేసి, వంగిన ఒంటితోనే ఢిల్లీ దాకా పోయి చూపించుకున్నవాళ్ల పుణ్యమది.

2025 ఫిబ్రవరిలో మా నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు కూడా ఇంటింటా అదే మాట, పాపం ఏం చేసుకున్నారో అని. ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చిన బిడ్డలు, ఇద్దరి శవాలు మాత్రమే బయటికి తేగలిగారు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపాత్ములనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని ఆయనే జవాబు చెప్పాడు, ఆ వెంటనే మీరు మారుమనస్సు పొందండని వింటున్నవాళ్ల వైపు తిరిగాడు. చచ్చినవాళ్ల లెక్క మనకు అప్పగించలేదని నేను అర్థం చేసుకున్నాను.

ఇంకో సంగతి, ఇది కోపంతోనే రాస్తున్నాను. మా ఆయనతో పాటు డయాలసిస్ చేయించుకునే ఒక తమ్ముణ్ణి ఎవరో స్వస్థత కూడికకు తీసుకుపోయి, నూనె రాసి, బాగైపోయావు పో అన్నారు. నమ్మాడు, మిషను మీదికి రావడం మానేశాడు. కొన్నాళ్లకే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక, కూర్చోబెట్టి ఆక్సిజన్ మీద తీసుకొచ్చారు. బతికాడు, దేవుని దయ, డాక్టర్ల దయ. పో అన్నవాళ్లు ఒక్కరైనా చూడ్డానికి రాలేదు. ఇది మా మతంలోనే ఉన్న జబ్బు కాదని నాకు తెలుసు, తాయెత్తులు కట్టేవాళ్లు, పసరు పోసేవాళ్లు ఆ వార్డు గేటు బయటే తిరుగుతుంటారు. అయినా ముందు నా ఇల్లు ఊడ్చుకోవాలి కదా. అసలు ఈ ప్రాంతానికి సువార్త వచ్చిందే మందుల సీసాతో కలిసి. 1907లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ దొరసాని నాగర్‌కర్నూల్, దేవరకొండ, శంషాబాద్ మిషన్లలో ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేసి 1945లో ఈ దేశంలోనే కన్నుమూసింది. ఆ తరవాత జడ్చర్లలో మిషన్ ఆసుపత్రి మన కళ్ల ముందే ఎంతమందికి కాన్పులు చేసిందో ముసలమ్మలనడగండి. ఆ డాక్టర్ దొరసాని ప్రార్థన చేయలేదా? చేసే ఉంటుంది, చేసి లేచి మందిచ్చింది.

మరి తగ్గనప్పుడు నమ్మడమంటే ఏమిటని మొదటి ఉత్తరం రాసినాయన అడుగుతారు. నాకు వేదాంతం రాదు, చూసింది చెబుతాను.

డయాలసిస్ మనిషికి అన్నిటికన్నా పెద్ద శిక్ష దాహం. మా ఆయనకు డాక్టరిచ్చిన లెక్క రోజుకు ముప్పావు లీటరు, టీ, మజ్జిగ, పచ్చిపులుసు అన్నీ అందులోకే వస్తాయి. మన పాలమూరు ఏప్రిల్ ఎండలో నలభై రెండు డిగ్రీల్లో ముప్పావు లీటరంటే ఊహించుకోండి. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఊసేస్తాడు, ఒక ఐసు ముక్క చప్పరిస్తూ అరగంట గడుపుతాడు, నేను బిందె ఎత్తుకుని ఎదురుగా రావాలంటేనే ఇబ్బందిగా ఉంటుంది. గుడ్ ఫ్రైడేకు మా చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగం చెబుతారు. ఐదో మాట, నేను దప్పిగొనుచున్నాను, ఈసారి మా ఆయనను చెప్పమన్నారు అయ్యగారు. మైకు ముందు నిలబడని మనిషి. మిగతావాళ్లంతా ఇరవై నిమిషాలు, అరగంట తీసుకున్నారు, ఈయన ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. దాహమైతే నాలుక ఎట్లా పిడచకడుతుందో, పక్కింట్లో నల్లా తిప్పిన చప్పుడు ఎట్లా వినిపిస్తుందో చెప్పాడు. నన్నెందుకు ఇట్లా చేశావని దేవుణ్ణి తిట్టిన రోజులున్నాయన్నాడు. నాలుగో మాటలో ప్రభువే నన్నెందుకు చెయ్యి విడిచితివని అడిగాడు కాబట్టి నేను అడిగినా తప్పు పట్టడనుకుంటున్నా, నీళ్లివ్వండని అడగాల్సిన గతి ఆయనకు కూడా పట్టింది కాబట్టి ఆయనతోనే చెప్పుకుంటున్నా, ఇంకెవరితో చెప్పుకోను అని కూర్చున్నాడు. వెనక వరసలో ఫ్యాన్ కింద కునుకు తీసే పెద్దమనుషులు కూడా ఆ రోజు మేలుకునే ఉన్నారు. ఆయనకు తగ్గలేదు, ఆ మర్నాడు డయాలసిస్‌కు పోయాం.

కీర్తనల పుస్తకం నిండా ఇదే కదా, యెహోవా ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు అని. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే మొరతో మొదలై చీకటితో ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు, అయినా దాన్ని బైబిల్లోంచి తీసెయ్యలేదు. ఇంట్లోవాళ్లతోనే గొడవపడతాం, దారినపోయేవాళ్లతో పడం. ఇది పారిపోవడం అని మొదటాయన అంటే, మా ఆయనతో ఒక్క పూట వార్డులో కూర్చుని చూడమంటాను. అక్కడ ఒక మంచం మీద తస్బీ (జపమాల) తిప్పే చాచా, ఒక మంచం మీద అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు, ఒక మంచం మీద ఏ దేవుడూ వద్దనే రిటైర్డ్ సారు ఉన్నారు. సారుకు ఆ రోజు బీపీ పడిపోతే మొదట నర్సును కేకేసి పిలిచింది చాచానే. వీళ్లలో ఎవరి నమ్మకం ఎంతో కొలిచే పని నాకెవరూ ఇవ్వలేదు.

మా ఇల్లు నిలబడింది మాటలతో కాదు. వంట చేసేటప్పుడు దేవుని పేరు మీద తీసిపెట్టే గుప్పెడు బియ్యం మా స్త్రీల సమాజం వాళ్లు పోగుచేసి, పని పోయిన మొదటి నెలల్లో సంచిలో పోసి తెచ్చారు, ఎవరిచ్చారో పేర్లు చెప్పలేదు. ఒక ఆటో తమ్ముడు తెల్లవారుజామున మమ్మల్ని బస్టాండులో దింపి డీజిలు డబ్బులే తీసుకుంటాడు. ఒక అక్క వచ్చి ఏమీ మాట్లాడకుండా బోళ్లు తోమి పోతుంది. ఆమెకు ప్రార్థన చేయడం సరిగా రాదని చర్చిలో కొందరి అభిప్రాయం.

సంపాదకులకు ఒక మనవి. రోగాలు మాయం చేస్తామనే ప్రకటనలు ఏ మతానివైనా, ఏ బాబావైనా మీ జిల్లా పేజీల్లో వేయకండి, అట్లాంటి వాటి మీద 1954 నుంచే చట్టం ఉంది. అట్లాగే సంఘ పెద్దలకు, పాస్టర్లకు ఒక మాట. ఆదివారం సాక్ష్యాలప్పుడు, అంటే దేవుడు చేసిన మేలు లేచి నిలబడి చెప్పేటప్పుడు, ఎప్పుడూ బాగైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లే లేస్తున్నారు. వాళ్ల సంతోషం వాళ్లది, నేనూ చప్పట్లు కొడతాను. కానీ బాగుకానివాళ్లు, పంట పోయినవాళ్లు, బిడ్డను మట్టిలో పెట్టినవాళ్లు తలుపు దగ్గరి వరసలో కూర్చుని కూడిక ముగియకముందే లేచి వెళ్లిపోతున్నారు, చూడండి. నెలలో ఒక ఆదివారమైనా వాళ్లను పిలిచి మైకు చేతికివ్వండి. మాట్లాడలేకపోతే పేరు చెప్పి కూర్చోమనండి. మా అయ్యగారు సరేనన్నారు, వచ్చే నెల నుంచి పెడతామన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా.