నిన్న రాత్రి మా ఇంట్లో భయం

మిత్రులారా, నిన్న రాత్రి హనుమకొండలో మా ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి 2008 నాటి ‘క్లోవర్‌ఫీల్డ్’ సినిమా చూశాం. న్యూయార్క్ మీద ఒక భీకర జంతువు విరుచుకుపడుతుంది, కథ అంతే. అయితే అంతా ఒక కుర్రవాడి చేతి కెమెరాలోంచే కనిపిస్తుంది. అతను పరుగెత్తితే మనకు ఆయాసం! లిబర్టీ విగ్రహం తల వీధిలోకి దొర్లుకొచ్చినప్పుడు తమ్ముడి చేతిలోని సర్వపిండి ముక్క నేలపాలైంది. సొరంగంలో చీకటిగా ఉందని కెమెరాలో ఒక మీట నొక్కుతారు... నొక్కకపోయినా బాగుండేది. సరిగ్గా అప్పుడే కాజీపేట వైపు నుంచి రైలు కూత!

కళ్లు తిరిగే స్వభావం ఉన్నవారు మాత్రం భోజనం చేసిన వెంటనే చూడకండి. ఆదివారం రాత్రి మళ్లీ వేస్తున్నాను. ఎవరెవరు వస్తున్నారు?